పాలపిట్ట వారి కొసరు

నా జీవితంలో బేరమాడకుండా కొన్న వస్తువు నా పెళ్ళినాటి మంగళసూత్రం ఒక్కటే. అది కూడా కొన్నది మా నాన్న.

ఇది గొప్పకి చెప్పుకోవడం లేదు, అలాగని సిగ్గూ పడను. తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసినవాడికి అంగడివాడు చెప్పే మొదటి మాట మీద నమ్మకం ఎలా కుదురుతుంది? కొత్తిమీర కట్ట కొంటే కరివేపాకు రెబ్బ కొసరు వెయ్యందే కదలను. వేస్తే ఇంకో రెబ్బ అడుగుతాను. నేను మలుపు తిరగడం చూడగానే మార్కెట్లో కూరగాయలవాళ్ళు ధర రెండు రూపాయలు పెంచేస్తారని, ఆ పెంచిన రెండూ తగ్గించుకుని నేను సంబరంగా ఇంటికొస్తానని మా ఆవిడ కనకవల్లి అంటుంది. అననీండి.

పదకొండేళ్ళ కిందట మాత్రం ఈ గుణం నా కొంప ముంచింది. మా వదినగారు రత్నవల్లి, అంటే కనకవల్లికి అక్క, భర్తకి భోపాల్ బదిలీ అయితే విశాఖపట్నంలో సామాను సర్దుకుంటూ, తన కుట్టు మిషను చెల్లెలికి ఇస్తానంది. సూదులున్న వస్తువు ఊరికే ఇస్తే పొత్తు చెడుతుందంటారు కదా, అందుకని "నూట పదహార్లు చేతిలో పెట్టండి చాలు, మూర్తిగారూ" అంది. మర్యాదకి అన్న మాట అది. నేనేమో అలవాటు కొద్దీ, "వంద చేసుకోండి వదినగారూ, ఆ స్టూలు కొసరు వెయ్యండి" అన్నాను.

ఆ స్టూలు మా అత్తగారిది. ఆవిడ పోయేదాకా దానిమీదే కూచుని బట్టలు కుట్టింది. దాన్ని తనతో తీసుకుపోవాలని వదినగారు గోనెపట్టా చుట్టి విడిగా పెట్టుకుందని నాకేం తెలుసు? ఆవిడ పట్టా విప్పి స్టూలు నా ముందు పెట్టి, డబ్బు ముట్టుకోకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పదకొండేళ్ళు అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు.

మొన్న ఆదివారం ఫోను మోగింది. వచ్చే శుక్రవారం ఉదయం తన భర్తకి షష్టిపూర్తి అని, ఇద్దరూ రావాలని వదినగారు చెప్పింది. పంతం కొద్దీ ఆఖరి వారం దాకా ఆగి, ఇంక ఆగలేక చేసిందన్నమాట. కనకవల్లి ఫోను పెట్టేసి చాలాసేపు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత అటకమీంచి స్టూలు దింపి దుమ్ము దులిపింది.

"ఇది మీ చేతుల్తో మీరే అక్కకి ఇవ్వాలి. కొసరు అడిగింది మీరు."

"ఇస్తానే. రైల్లో వెళ్దాం."

"రైళ్ళన్నీ నిండిపోయాయి, చూశాను. విమానమే గతి. బేరాలు పెట్టుకోకుండా సోమవారం పొద్దున్నే వెళ్ళి టికెట్లు కొనండి."

సోమవారం పొద్దున్నే పేపరు తెరిచేసరికి సగం పేజీ ప్రకటన కనబడింది. 'పాలపిట్ట ఎయిర్‌వేస్ వారి సమధర ప్రతిజ్ఞ! మా విమానంలో సీటు మాకంటే చవకగా ఎవరు అమ్మినా, అదే ధరకు మేమూ ఇస్తాం. పైన కొసరు కూడా!' కొసరు అనే మాట అంత పెద్ద అచ్చులో చూడటం నా జన్మలో అదే మొదటిసారి. నాకోసమే ఒక విమాన సంస్థ పుట్టిందనిపించింది.

ముందు చవక ధర ఒకటి పట్టుకోవాలి కదా, అందుకని ఇద్దరం డాబాగార్డెన్స్‌లో జిరాక్సు కొట్టు పక్కనున్న గున్నేశ్వరరావు దగ్గరికి వెళ్ళాం. నులక మంచమంత వెడల్పున్న కొట్లో కూచుని చవక విమాన టికెట్లు అమ్ముతుంటాడు. గురువారం భోపాల్ విమానం అడిగాను.

"పాలపిట్టోళ్ళ కౌంటర్లో ఏడు వేల నాలుగొందలండి. నా కాడ ఆరు వేల నూటేబై. అదే ఇమానం, అదే సీటు."

"అదే సీటు నీకు చవగ్గా ఎలా వస్తుందయ్యా?"

"ఆళ్ళే అమ్ముతారు సార్ నాకు, టోకున. ఇమానం నిండదేమోనని బయపడి ముందే అమ్మీసి, తరవాత ఎందుకమ్మీసినామా అని ఏడుస్తారు."

కనకవల్లి నా మోచెయ్యి గిల్లింది. "రెండు కొనెయ్యండి, ఇంటికి పోదాం."

నేను జాలిగా చూశాను. "పిచ్చిదానా, ఇక్కడ కొంటే ఈ ధరే. ఈ ధర తీసుకెళ్ళి పాలపిట్ట ఆఫీసులో చూపిస్తే ఇదే ధర, పైన కొసరు. ఇక్కడ కొసరేదీ?"

"కావాలంటే టీ ఇప్పిస్తాను సార్" అన్నాడు గున్నేశ్వరరావు.

టీ తాగాను. టికెట్ మాత్రం కొనలేదు. ధర ఒక కాగితం మీద రాయించుకుని బయల్దేరాను. కనకవల్లి నన్ను మార్చాలని పదకొండేళ్ళుగా ప్రయత్నించి అలిసిపోయిన మనిషి కాబట్టి, "మీరు వెళ్ళండి, నేను జాకెట్టు గుడ్డ చూసుకుని ఇంటికి వెళ్తాను" అని అక్కడే ఉండిపోయింది.

ఊళ్ళోని పాలపిట్ట వారి ఆఫీసులో టికెట్లు అమ్మే బల్ల ఒకటీ, ధరల సమానత్వ విభాగం వారి బల్లలు తొమ్మిదీ ఉన్నాయి. ఆ తొమ్మిదింటికీ పెద్ద, ధరల సమానత్వాధికారి వైకుంఠం గారు. నా కాగితాన్ని వేలితో తాకకుండా పెన్నుతో ఇటు తిప్పి చూశారు.

"తమరు సమర్పించిన ధర ప్రస్తుతం సజీవముగా యున్నదా?"

"ఇందాక టీ తాగేటప్పుడు బాగానే ఉందండి."

"అది చాలదు. ధర సజీవ ధ్రువపత్రం సమర్పించవలె. ఫారం నాలుగు."

ఇంకొకరైతే తెల్లబోయేవారేమో. నేను పెన్షనరుని. బతికే ఉన్నానని ఏటా నవంబరులో కాగితం మీద రుజువు చేసుకునేవాణ్ణి. మనిషికే తప్పనిది ధరకి తప్పుతుందా? ఫారం నింపి సంతకం పెట్టాను. వైకుంఠం గారు కంప్యూటర్లో గున్నేశ్వరరావు అంగడి తెరిచి చూసి, ధర పదకొండు గంటల పది నిమిషాలకు ఊపిరితో ఉన్నట్టు ముద్ర కొట్టారు.

"అయితే ఇప్పించండి సార్, రెండు సీట్లు."

"తొందర పనికిరాదు. కనబడు ధర వేరు, నిజ ధర వేరు. అంగడివాడు గోడకు వ్రాసినంత మాత్రాన అది ధర కాజాలదు. ఆ ధరకు సీటు వాస్తవముగా లభించునా లేదా అన్నది నిర్ధారించుటకు శాస్త్రీయమైన పద్ధతి ఒక్కటే యున్నది."

"ఏమిటండి అది?"

"కొనుట."

ఆయన సైగ చెయ్యగానే రెండో బల్ల గుమాస్తా గున్నేశ్వరరావు దగ్గర రెండు సీట్లు కొనేశాడు. కొన్న టికెట్ మీద ఎవరో ఒకరి పేరుండాలి కదా! బల్లల దగ్గరివాళ్ళు తమ పేర పెట్టుకుంటే స్వలాభం కిందికి వస్తుందట. ఇక బల్ల లేని మనిషి ఆఫీసు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు, అటెండరు అప్పలకొండ. యాభై ఏళ్ళ మనిషి, అప్పుడే నాకు మంచినీళ్ళు తెచ్చి ఇస్తున్నాడు. రెండు సీట్లూ అతని పేరనే రాశారు.

"ధర నిజమని తేలినది. ఫైలు మూడు గంటలకు సమానత్వ సంఘము ముందుకు వెళ్ళును" అన్నారు వైకుంఠం గారు.

మూడు గంటలకి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి, నా వైపు ఆత్మీయంగా చూసి, గొంతు తగ్గించి చెప్పారు.

"చింతించుచున్నాము. మీ ధర పదకొండు గంటల పదిహేను నిమిషాలకు కాలం చేసినది."

"అయ్యో, ఎలాగండి?"

"ఆ ధరకు మిగిలిన ఆఖరి రెండు సీట్లను ఎవరో కొనివేసిరి."

"ఎవరండి?"

"మేమే."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పొద్దూ, గౌరవం కలిగింది. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఎన్నో తక్కెళ్ళు చూశాను గానీ, తూచడం కోసం సరుకంతా తినేసే తక్కెడ చూడలేదు. పైగా ఆయన ధైర్యం చెప్పారు. గున్నేశ్వరరావు దగ్గర తర్వాతి ధర ఆరు వేల రెండొందలు. దాన్ని పట్టుకొస్తే కొత్త ఫైలు తెరుస్తారట.

పట్టుకొచ్చాను. దానికీ సజీవ ధ్రువపత్రం, దానికీ కొనుగోలు, దానికీ సంతాపం. మంగళవారం పొద్దున ఇంకోటి, మధ్యాహ్నం మరోటి. నేనొక్కణ్ణే అనుకునేరు. ప్రకటన చదివినవాళ్ళు ఊళ్ళో నాలాంటివాళ్ళు యాభై మంది దాకా తేలారు. బల్లల ముందు వరసలు కట్టాం. ఒకరి ధర పోతే మరొకరు ఓదార్చుకున్నాం. ప్రతి దరఖాస్తుకీ అప్పలకొండ పేర రెండేసి సీట్లు పడుతున్నాయి. ఒక్కరికంటే ఒక్కరికి టికెట్ దక్కలేదు.

గున్నేశ్వరరావు బుధవారం పొద్దున కొట్టుకి కొత్త బోర్డు పెట్టించాడు. నన్ను చూసి టీతో పాటు ఉస్మానియా బిస్కట్టు కూడా తెప్పించాడు. "మీరు రోజూ రావాలి సార్. సీట్లన్నీ మిగిలిపోతాయేమోనని నిద్దరట్టక సచ్చాను. పాలపిట్టోళ్ళు టోకున అమ్మీసి చిల్లరకి కొనుక్కుంటన్నారు. ఇలాటి కంపినీ చల్లగుండాలి."

బుధవారం సాయంత్రం నాలుగింటికి వైకుంఠం గారి బల్ల ముందు చప్పట్లు వినబడ్డాయి. గురువారం భోపాల్ విమానంలో నూట ఇరవై సీట్లూ నిండిపోయాయి. పాలపిట్ట ఎయిర్‌వేస్ పుట్టాక నూరు శాతం నిండిన మొదటి విమానం అదేనట. అప్పలకొండకి పూలదండ వేశారు, ఎక్కువగా ప్రయాణించేవాళ్ళకిచ్చే బంగారు రంగు కార్డు ఒకటి జేబులో పెట్టారు. ఆఖరి దరఖాస్తుకి ఒక్క సీటే దొరకడంతో నూట పందొమ్మిది సీట్లు అతని పేర ఉన్నాయి. ఆ మిగిలిన ఒక్క సీటూ ఎవరిదో వాళ్ళకే తెలీదు. "ఎవరో బయటి వ్యక్తి. మా ప్రమేయం లేకుండా కొనిరి" అన్నారు వైకుంఠం గారు నొచ్చుకుంటూ.

ఇంటికి వెళ్ళేసరికి కనకవల్లి పెట్టె సర్దుకుని ఉంది. చేతిలో టికెట్ ఉంది. సోమవారం నేను టీ తాగి వెళ్ళిన ఐదో నిమిషంలో గున్నేశ్వరరావు దగ్గర కొన్నదట, చెప్పిన ధరకి.

"మరి నాకూ ఒకటి కొనకపోయావా?"

"కొందామనే అనుకున్నాను. మీరు మంచి బేరంలో ఉన్నారు కదా, చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను."

ఆ మాట గట్టిగానే తగిలింది. ఇన్నాళ్ళూ బేరంలో నేను గెలిచిందంతా ఆవిడ ఖాతాలోంచే పోయిందని అప్పుడు అర్థమైంది. స్టూలు గుమ్మం పక్కన ఉంది, గోనెపట్టా చుట్టి, తాడు కట్టి. దాన్ని తన పెట్టెతో పాటు తీసుకెళ్ళమని బతిమాలాను. ఆవిడ ససేమిరా అంది. "అది మీరు తేవాలి. మీరు రాకపోతే అది రాదు, అది రాకపోతే అక్క మనసు కుదుటపడదు. ఇంతే."

గురువారం ఆవిణ్ణి సాగనంపే వంకతో స్టూలు చంకన పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్ళాను. నా తోటి దరఖాస్తుదారులు ఎప్పుడో ఆశ వదులుకున్నట్టున్నారు, అక్కడ ఒక్కరూ లేరు. కౌంటర్ దగ్గర వైకుంఠం గారు, పక్కన మెడలో వాడిన పూలదండతో అప్పలకొండ, చేతిలో ఇటుకంత మందాన బోర్డింగు కాగితాలు. కనకవల్లి ఒక్కతే బుద్ధిగా వరసలో నుంచుని కాగితం తీసుకుని లోపలికి వెళ్ళింది.

"అప్పలకొండ కూడా వెళ్తున్నాడాండి?" అని అడిగాను.

"వెళ్ళవలె. ప్రయాణించని టికెట్ నిజమైన టికెట్ కాదు. నిజం కాని టికెట్ ధర నిజమైన ధర కాదు. ఇతడు కదలనిచో మూడు దినముల నిర్ధారణ యావత్తు వ్యర్థము."

"అయితే అతని సీట్లలో ఒకటి నాకు ఇప్పించండి. ఏ ధరయినా ఇస్తాను." ఏ ధరయినా అని నా నోటంట వచ్చినందుకు నేనే ఉలిక్కిపడ్డాను.

"సీటు రద్దుకు ఫారం పదకొండు. ఏడు పని దినములు."

విమానం ముప్పావు గంటలో ఉంది. సిగ్గు విడిచి అందరి ముందూ స్టూలు నేలమీద పెట్టి దాని మీదే కూలబడ్డాను. పదకొండేళ్ళలో దానిమీద నేను కూచోవడం అదే మొదలు. అప్పలకొండ నెమ్మదిగా నా దగ్గరికొచ్చి వంగాడు.

"ఏటి బాబూ, అలాగైపోనారు?"

స్టూలు కథ చెప్పాను. అతను విని దండ సర్దుకున్నాడు.

"నాను ఇమానం ఎప్పుడూ ఎక్కనేదు బాబూ. నూట పందొమ్మిది సీట్లిచ్చినారు గానీ పక్కన మాటాడ్డానికి మనిషి నేడు. ఒక్కడినీ ఆకాశంలోకి ఎల్లాలంటే గుండి దడదడలాడతంది." అని వైకుంఠం గారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, నా పేర్న ఇన్ని టికెట్లు కొన్నారు కదా, నా కొసరేదండి?"

వైకుంఠం గారు సంచీలోంచి నియమావళి తీసి తిప్పారు. పేజీ దొరికాక నెమ్మదిగా చదివారు. "కొసరు అనగా, అసలుతో పాటు విడిగా వెల లేకుండ, కొనుగోలుదారుని సంతృప్తి నిమిత్తము ఈయబడునది." ఇంకోసారి చదివారు. అది ఏ వస్తువో రాయలేదు. వస్తువే కావాలనీ రాయలేదు.

"నీకు ఏది సంతృప్తి?"

"ఈ బాబుని ఇప్పించండి."

వైకుంఠం గారు మూడు చోట్లకి ఫోను చేశారు. మూడు చోట్లా నియమావళి అదే పేజీ దగ్గర తెరిచారు. చివరికి నా మెడలో తాడుతో ఒక అట్టముక్క కట్టారు. దాని మీద ఎర్ర సిరాతో 'కొసరు - 1' అని రాసి ముద్ర కొట్టారు. కొసరు ప్రయాణికుడా సామానా అన్నది తేలక, నన్ను ఎక్స్‌రే పెట్టెలో పంపాలా వద్దా అని సెక్యూరిటీవాళ్ళు కాసేపు తర్జనభర్జన పడ్డారు. పెట్టె ఇరుగ్గా ఉండటం నా అదృష్టం.

ఇక స్టూలు మిగిలింది.

"ఇది నాతో వస్తుందండి" అన్నాను.

"వల్లపడదు. కొసరుకు కొసరు లేదు" అన్నారు వైకుంఠం గారు. "దీనికి విడిగా పూర్తి వెల చెల్లించవలె. ఏడు వేల నాలుగు వందలు."

సోమవారం నేను వద్దనుకున్న ధర అది. ఆ డబ్బుతో అలాంటి స్టూళ్ళు పది కొనచ్చు, పదకొండోది కొసరు వేయించుకోవచ్చు. నా నాలుక అలవాటు కొద్దీ 'ఆరు వేలు చేసుకోండి' అనడానికి లేచింది. పళ్ళు బిగించి దాన్ని లోపలే ఉంచి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

గుమాస్తా నోట్లు రెండుసార్లు చూసుకున్నాడు. వైకుంఠం గారు లేచి నుంచున్నారు. ఆ విమానానికి కౌంటర్లో పూర్తి ధర చెల్లించి టికెట్ కొన్నది అదొక్కటేనట. పూర్తి ధర ప్రయాణికులకు కిటికీ పక్క సీటు, ముందుగా ఎక్కే హక్కు, చల్లని పానీయం నియమావళిలో ఉన్నాయి. అప్పలకొండ తన సీట్లలోంచి ఒక కిటికీ సీటు దానికి వదిలాడు, సామానుకి వదిలితే రద్దు కిందికి రాదట. ఇద్దరు మనుషులు స్టూలుని చేతుల మీద తీసుకెళ్ళి ఎక్కించాక, అప్పలకొండ ఎక్కాడు, అతని వెనక నేను.

లోపల కనకవల్లి ఒక్కతే ఉంది. నా మెడలో అట్ట చదివింది. నవ్వు ఆపుకోడానికి కిటికీ వైపు తిరిగింది గానీ, భుజాలు కదులుతూనే ఉన్నాయి. విమానం పైకి లేచినప్పుడు అప్పలకొండ నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి స్టూలు ముందు నిమ్మరసం గ్లాసు పెట్టి నమస్కరించింది. నాకేమీ పెట్టలేదు. అప్పలకొండకి మాత్రం నూట పద్దెనిమిది ఫలహారం పొట్లాలు వచ్చాయి, సీటుకొకటి చొప్పున. అతను వద్దన్నా వినలేదు, రూలట. అన్నీ మూట కట్టాం.

భోపాల్‌లో అప్పలకొండకి తెలిసినవాళ్ళెవరూ లేరు. మాతోనే తీసుకెళ్ళాం. వదినగారి ఇంటి ముందు అప్పటికే పందిరి వేస్తున్నారు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి చెల్లెల్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నా చంకలో ఉన్నదాన్ని చూసింది.

నేను తాడు విప్పి, పట్టా తీసి, స్టూలు ఆవిడ ముందు పెట్టాను. "తప్పయిపోయింది వదినగారూ" అన్నాను. జేబులోంచి నూట పదహార్లు తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

వదినగారు స్టూలు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత నెమ్మదిగా దానిమీద కూచుంది. చేతిలో డబ్బు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే, పెదవి మాత్రం కొంచెం వంకర పోయింది.

"మిషనుకి సరిపోయింది. మరి పదకొండేళ్ళు ఆగినందుకు కొసరేదీ, మూర్తిగారూ?"

నేను మెడలో అట్టముక్క తిప్పి చూపించాను.